నా కింద పంతొమ్మిది మంది

జూన్ 4

అక్కా,

మన బంధువర్గం మొత్తానికి, అందులో ముఖ్యంగా నీకు, విన్నవించుకునేది ఏమిటంటే: నిన్న మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు నా మీసం ఎడమ పక్క పావంగుళం తగ్గిపోయింది. సెలూన్ అతని చెయ్యి జారింది. "కుడి పక్క కూడా తగ్గించి సరిచేస్తా అన్నా" అన్నాడు. వద్దన్నాను. ఒకటి పోయిన దుఃఖంలో ఉంటే రెండోదాన్ని కూడా పంపుతారా ఎవరైనా? ఇప్పుడు ఎడమ పక్క నుంచి వచ్చేవాళ్ళకి నేను పదేళ్ళు చిన్నవాడిలా కనిపిస్తున్నానట. అందుకని షాపులో కుర్చీ అటు తిప్పి వేసుకున్నాను.

ఇక చిన్న విషయం. నీ కవరు అందింది. పోస్టుమాన్ రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏంటయ్యా, దిండు తెప్పించుకున్నావా?" అన్నాడు. విప్పితే నీ ఉత్తరం నాలుగు లైన్లు, రంగు కాగితాలు నలభై. సబ్బు మీద తగ్గింపు, చెప్పుల మీద తగ్గింపు, నేనెప్పుడూ వెళ్ళని ఊళ్ళో నేనెప్పుడూ పడుకోని హోటల్ మంచం మీద తగ్గింపు. ఆ నాలుగు లైన్లలో "ఉచితం" అని ఆరుసార్లు రాశావు. ఎలుకల బోనులోకి కూడా టికెట్ లేదక్కా. ఎలుకలన్నీ ఉచితంగానే వెళ్తాయి.

"నా కింద చేరు" అంటావా? పుట్టిన దగ్గర్నుంచీ నీ కిందే ఉన్నానుగా. ఇప్పుడు కొత్తగా ఫారం ఎందుకు?

బావ ఏమంటున్నాడు?

నీ తమ్ముడు
(తాళాలు, తాళంచెవులు, చదువు ఆరో క్లాసులో సగం)


జూన్ 9

ఒరేయ్ తమ్ముడూ,

నీ మీసానికి ఒక పేజీ, నా ప్రశ్నకి నాలుగు లైన్లు. నీ కోడిగీతల్ని భూతద్దం పెట్టి చదువుకుంటే నాకు మిగిలింది ఎలుకల బోను. ఫోన్ చేద్దామంటే సగంలో నవ్వేసి పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. ఇందులో నువ్వు ఎంత నవ్వినా నేను చెప్పేది చెప్పేసి ఉంటాను.

సరిగ్గా విను. రిటైరైన డ్రిల్లు టీచరమ్మ ఉందిగా, మా వీధి చివర. ఆవిడ చెప్పింది. కట్టాల్సింది ఏమీ లేదు. కూపన్ల పుస్తకం ఇస్తారు. మనం నలుగురికి ఇస్తాం. వాళ్ళు వాడుకుంటే వాళ్ళకి తగ్గింపు, మనకి పాయింట్లు. వాళ్ళు ఇంకో నలుగుర్ని చేర్చితే ఆ పాయింట్లూ మనకే. ముప్పై మంది అయితే మనం గోల్డ్ మెంబరు అవుతాం. గోల్డ్ అయ్యాక కూర్చున్న చోటికే నెలనెలా వస్తుందట.

ఇలాంటివి మూడు కంపెనీలు ఉన్నాయి. ఒకటి ఇంటి సామాన్లది, ఒకటి బట్టలూ చెప్పులది, ఒకటి ప్రయాణాలది. మూడూ ఉచితమే. ఏది మంచిదో నాకు తేలడం లేదు. నువ్వు బడికి వెళ్ళకపోయినా మనుషుల్ని చదువుతావు. కాస్త వెళ్ళి చూసి చెప్పు.

నాకు సరదా పుట్టి అడగడం లేదు. ఎదురుగా రెడీమేడ్ షాపు పడ్డాక కుట్టుకి వచ్చేవాళ్ళు సగమయ్యారు. ఆ సగం పనికి కూడా కళ్ళు సహకరించడం లేదు. సూదిలో దారం ఎక్కించడానికి మీ బావను పిలుస్తున్నాను. ఆయన డ్యూటీలో ఉంటే దారిన పోయేవాళ్ళని పిలుస్తున్నాను. పోయిన వారం ఒక ప్యాంటుకి జిప్పు తలకిందులుగా వేశాను. అతను ఏమీ అనకుండా పట్టుకెళ్ళాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మీ బావ "ఊ" అన్నారు. అది అవునో కాదో నాకు ముప్పై ఏళ్ళ నుంచీ తెలియదు.

అక్క


జూన్ 17

అక్కా,

నీ ఆజ్ఞ ప్రకారం మీటింగుకి వెళ్ళొచ్చాను. ఫర్నిచర్ షాపు మీద హాలు. కింద పరుపులు అమ్ముతారు, పైన కలలు అమ్ముతారు. నీలం కోటు వేసుకున్న ఒకాయన స్టేజీ ఎక్కి, "మీలో డబ్బు వద్దనుకునేవాళ్ళు చెయ్యెత్తండి!" అన్నాడు. ఎవరూ ఎత్తలేదు. "చూశారా!" అన్నాడు. అందరూ చప్పట్లు. నా పక్కాయన నిద్రలోనే కొట్టాడు.

నేను లేచి, "అయ్యా, చేరడం ఉచితం, కూపన్ ఉచితం. మరి మీ కోటు ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగాను.

"మంచి ప్రశ్న!" అన్నాడు. మంచి ప్రశ్న అన్నాక ఇక జవాబు ఎందుకనుకున్నాడో ఏమో, మళ్ళీ చప్పట్లు కొట్టించాడు.

ఇక నీ మూడు కంపెనీలనూ తూకం వేశాను. ప్రయాణాలది వదిలెయ్. నువ్వు ఊరు దాటి ఎన్నేళ్ళయింది? తగ్గింపు ఉంది కదా అని ప్రయాణం చెయ్యడమంటే, గొడుగు ఉంది కదా అని వానని వెతుక్కుంటూ తిరగడం. చెప్పులది చూశాను, ఉన్నవన్నీ పదకొండో నంబరే. పెద్దకాళ్ళ వాళ్ళ సంఘం ఏదైనా ఉంటే వాళ్ళకి మంచి అవకాశం. ఇంటి సామాన్లది కాస్త నయం. సబ్బు మీద నిజంగానే తగ్గిస్తారు. తగ్గించాక ఎంత అవుతుందో మా వీధి కొట్లో తగ్గించకుండానే అంతకి ఇస్తున్నాడు. పైగా కొట్టాయన నా మోకాలి నొప్పి ఎలా ఉందని కూడా అడుగుతాడు. ఇంకో మెలిక, కాగితం వెనక చీమంత అక్షరాల్లో ఉంది: నెలనెలా మనం ఏదో ఒకటి కొనకపోతే కింది వాళ్ళ పాయింట్లు మనకి రావు. అంటే లోపలికి రావడం ఉచితం, లోపల నిలబడటం కాదు.

మా పనిలో ఒక సంగతి ఉంది. తాళం ఎంత మెరుస్తోందని చూసేవాడు మోసపోతాడు. తాళంచెవి ఎవరి దగ్గరుందని చూసేవాడు బాగుపడతాడు.

ఇంత చెప్పి ఏం చేశానో తెలుసా? చేరిపోయాను. ఇంటి సామాన్ల దాంట్లో, నీ కింద. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం కదా నీ తమ్ముడు. రెండు రోజుల్లో ఆరుగుర్ని కూడా చేర్చాను. రిటైరైన టికెట్ కలెక్టర్ ఒకాయన, ఆయన కూపన్ చూడగానే అలవాటు కొద్దీ మూల చింపి ఇచ్చాడు. వాచీలు బాగుచేసే తాత, సమయానికి రావడం తప్ప అన్నీ వచ్చు. లైబ్రరీ ఆవిడ, నలుగురికి చెప్పమంటే చెవిలో చెప్పింది. లిఫ్టు ఆపరేటర్, పైవాళ్ళూ కిందివాళ్ళూ అన్న సంగతి అతనికి మనం నేర్పక్కర్లేదు. ఇంకో ఇద్దరు.

నీ ఆరుగురి నాయకుడు


జూన్ 23

ఒరేయ్ బంగారు తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మీ బావకి వినిపించాను. ఆయన ఈసారి "ఊఁ" అని కాస్త పొడుగ్గా అన్నారు.

నువ్వు ఎగతాళి చేస్తావనుకున్నాను. చేశావు కూడా. కానీ పని కూడా చేశావు చూడు, అది నాకు తెలిసిన నా తమ్ముడు. ఆరుగురు! నేను ఇక్కడ రెండు వారాల్లో ముగ్గుర్ని చేర్చేసరికి నోరు ఎండిపోయింది. డ్రిల్లు టీచరమ్మకి చెప్తే, "ఆరో క్లాసులో బడి ఎగ్గొట్టినవాడికి ఇంత తెలివా!" అంది. "వాడు బడి ఎగ్గొట్టడానికే చాలా తెలివి వాడాడు" అన్నాను.

ఫారాలు నీ దగ్గరే ఉంచు. ముప్పై నిండాక అన్నీ కలిపి ఒకేసారి ఇవ్వాలట. పేర్లూ సంతకాలూ అప్పుడు చూస్తారు.

ఆ టికెట్ కలెక్టర్ గారు నాకు బాగా నచ్చారు. ఆ వయసులో మనల్ని నమ్మి చేరారు. ఆయనకి నా చేత్తో ఒక చొక్కా కుట్టి పంపుతాను. మంచి నీలిగీతల బట్ట ఉంది. కొలతలు తీసి పంపు. మెడ, రెండు భుజాలు విడివిడిగా, ఛాతీ, చేతి పొడవు. రెండు భుజాలూ అన్నానని నవ్వకు. ఈ లోకంలో రెండు భుజాలూ సమానంగా ఉన్న మగవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

అక్క


జూన్ 29

అక్కా,

శుభవార్త. ఆరుగురు కాస్తా పంతొమ్మిది మంది అయ్యారు. నేను వీధిలో నడుస్తుంటే జనం పెన్నులు తీస్తున్నారు. పళ్ళ డాక్టర్ దగ్గర కాంపౌండర్ చేరాడు, నోరు తెరిచి ఉన్నవాళ్ళకి చెప్తే కాదనలేరని అతని లెక్క. కొళాయిలు బిగించే అన్నదమ్ములిద్దరూ చేరారు. ఒకరి కింద ఒకరు చేరాలంటే ఎవరు పైన అని కొట్టుకుని, చివరికి ఇద్దరూ లిఫ్టు ఆపరేటర్ కింద చేరారు. వాచీల తాతకి తన కింద ఎంతమంది ఉన్నారో తెలియదు, అడిగితే "ఎంతయింది?" అని గోడ గడియారం చూస్తాడు.

అందరి పేర్ల లిస్టు ఇందులోనే పెట్టాను. టికెట్ కలెక్టర్ గారి కొలతలు ఇవిగో. మెడ పదహారు. ఛాతీ నలభై. ఎడమ భుజం తొమ్మిది, కుడి భుజం తొమ్మిదిన్నర, కొంచెం కిందికి జారి ఉంటుంది. చేతి పొడవు ఇరవై నాలుగు. ఆయన చాలా మొహమాటపడ్డాడు. "అమ్మగారికి శ్రమ ఎందుకు?" అన్నాడు. "మా అక్కకి శ్రమ అంటే ఇష్టం" అన్నాను.

నీ పంతొమ్మిది మందికి దళపతి


జూలై 6

ఒరేయ్ తమ్ముడూ,

ఇది కూర్చుని చదువు.

నీ లిస్టు తీసుకెళ్ళి చూపిస్తే డ్రిల్లు టీచరమ్మ నిజంగా విజిల్ ఊదింది. ఇంకా ఆ విజిల్ దాచుకుంది ఆవిడ. ఆ లిస్టే నా కస్టమర్లకి కూడా చూపించాను. "మా తమ్ముడు తాళాలు చేసుకునేవాడు, వాడే నెలలో పంతొమ్మిది మందిని చేర్చాడు" అన్నాను. దాంతో అటూ ఇటూ ఊగుతున్నవాళ్ళు కూడా సంతకం పెట్టారు. పద్దెనిమిదేళ్ళుగా నా దగ్గరే యూనిఫాం కుట్టించుకునే నర్సు, "నువ్వు చెప్తే ఇంక నేను కాగితం చదవక్కర్లేదు" అని చదవకుండానే పెట్టింది. నా వాళ్ళు పది, నీ వాళ్ళు పంతొమ్మిది, నువ్వొకడివి. ముప్పై.

నెలాఖరుకి షాపు గది ఖాళీ చేస్తానని ఓనరుకి చెప్పేశాను. "ఇరవై రెండేళ్ళమ్మా, ఆలోచించుకున్నారా?" అన్నాడు. ఆలోచించుకున్నాను. ఇరవయ్యో తారీకుకల్లా చివరి మాట చెప్తే వేరేవాళ్ళకి ఇస్తానన్నాడు. మిషన్ ఎదురు షాపు వాళ్ళు తీసుకుంటారు, ప్యాంట్లు పొట్టి చేసి ఇవ్వడానికి. తీసుకెళ్ళేటప్పుడు నేను అక్కడ ఉండను.

ఇక ఈ కళ్ళని ఏడిపించాల్సిన పని లేదు. అంతా నీ వల్లే. ఎప్పుడూ చెప్పలేదు గానీ, నిన్ను చూసి ఈ వారం గర్వపడ్డాను.

రేపు చొక్కా బట్ట కత్తిరిస్తున్నాను. మీ బావ చేత దారం ఎక్కించి పెట్టుకున్నాను.

అక్క


జూలై 10

అక్కా,

తొందరపడకు. ఓనరుకి చివరి మాట చెప్పకు. మిషన్ మీద చెయ్యి వెయ్యనివ్వకు.

ఇక్కడ పరిస్థితి కాస్త తారుమారైంది. వాచీల తాత ఊరు మారిపోయాడు. లిఫ్టు చెడిపోయి ఆపరేటర్ మూడో అంతస్తులో ఉండిపోయాడు, ఫారం కింద ఉండిపోయింది. లైబ్రరీ ఆవిడ మానేసింది, అది కూడా నాకు చెవిలోనే చెప్పింది. కొళాయిల అన్నదమ్ములకి మళ్ళీ గొడవ. కాంపౌండర్‌కే పంటినొప్పి వచ్చి మాట్లాడలేకపోతున్నాడు. వాళ్ళ కింద ఉన్నవాళ్ళు ఎటు పోయారో తెలియదు. టికెట్ కలెక్టర్ గారి ఆరోగ్యం ఏమీ బాగాలేదు. చొక్కా కుట్టకు. వేసుకునే స్థితిలో లేడు.

మొత్తానికి పంతొమ్మిది అనే లెక్క మీద ఆధారపడకు. గది మాత్రం వదలకు.

తమ్ముడు


జూలై 14

తమ్ముడూ,

పాపం, ఒక్క వారంలో పంతొమ్మిది మందికి పంతొమ్మిది కష్టాలు.

నీ ఉత్తరం వచ్చేసరికి చొక్కా కుట్టడం అయిపోయింది. కత్తిరించేటప్పుడు నాకేమీ అనిపించలేదు, అంకెలు చూసి గీసుకుంటూ పోయాను. చేతులు కలిపి, కాలర్ ఎక్కించి, గుండీలు కుట్టి, హాంగర్‌కి తగిలించి దూరంగా నిలబడి చూశాను. నా కళ్ళకి దగ్గరివే కనపడవు, దూరానివి బాగానే కనపడతాయి. హాంగర్ మీద నువ్వు నిలబడ్డావు. పదమూడో ఏట ఆ ఇనప సామాన్ల సంచి భుజాన వేసుకున్నావు, అప్పటి నుంచీ ఆ కుడి భుజం అలాగే జారింది. నీకు నలభై చొక్కాలు కుట్టి ఉంటాను. ఎవరి మాట నమ్మినా నమ్మకపోయినా టేపు మాట నమ్ముతాను.

నన్ను ఆటపట్టించావు, అది నీకు మామూలే. నీ చిన్నప్పటి నుంచీ నీ ఆటలకి నేనే బొమ్మని. కానీ నా పదిమందిలో ఏడుగురి చేత ఆ లిస్టు చూపించే సంతకం పెట్టించాను నేను. నర్సు కాగితం కూడా చదవలేదు. రేపు వాళ్ళు నెలనెలా అక్కర్లేని సబ్బులు కొంటూ నా ముఖం చూస్తే, నేను ఎటు చూడాలి? గది ఉన్నా, మిషన్ ఉన్నా, వాళ్ళు రాకపోతే నేను ఎవరికి కుట్టాలి?

ఓనరు ఇరవయ్యో తారీకు పొద్దున్నే వస్తాడు. ఆ లోపల నాకు ఒక ఉత్తరం రాయి. ఎవరు ఉన్నారు, ఎవరు లేరు, ఏది జరిగింది, ఏది నువ్వు అల్లావు. మొదటి లైన్లో వెటకారం కనపడితే రెండో లైను చదవను.

మీ బావ నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని చదివారు. చదివి, "వాడేదో దాస్తున్నాడు" అన్నారు. ఈ ఏడాది మొత్తంలో ఆయన అన్న పెద్ద వాక్యం అదే.

అక్క


జూలై 16

అక్కా,

తప్పు నాది. గది వదలకు. ఓనరు ఒప్పుకోకపోతే ఈ ఉత్తరం అతనికి చూపించు. నీ పదిమందికి కూడా ఇదే చదివి వినిపించు, నర్సుకి ముందు. వాళ్ళ ఫారాలు ఇంకా నీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్. కూపన్లు మాత్రం ఉంచుకోమను. కూపన్ కాగితంలో తప్పేమీ లేదు. సబ్బు కావాల్సి వచ్చినప్పుడు వాడుకుంటే తగ్గుతుంది, అంతవరకే దాని పని.

ఇప్పుడు అడిగినవి చెప్తాను.

జూన్‌లో నేను ఏ మీటింగుకీ వెళ్ళలేదు. వెళ్ళింది మార్చిలో. నువ్వు ఈ మాట ఎత్తడానికి మూడు నెలల ముందు. ఫర్నిచర్ షాపు, నీలం కోటు, అన్నీ ఉన్నవే. కోటు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగింది నేను కాదు, వెనక వరసలో ఒక ముసలావిడ. నేను ఆవిడ వైపు కోపంగా చూశాను. నీలం కోటాయన "చూశారా" అన్నప్పుడు నేను చప్పట్లు కొట్టాను. నిద్రలో కాదు, మెలకువగా, గట్టిగా.

నీ కింద నేను చేరలేదు. చేరడానికి ఖాళీ లేదు, మార్చిలోనే ఆయన కింద చేరాను. మూడు కంపెనీలను తూకం వేశానన్నది అబద్ధం. ప్రయాణాలది, చెప్పులది కాగితాలు చూసి రాశాను. ఇంటి సామాన్ల దాని గురించి రాసిందంతా నిజం, ఎందుకంటే నేను కొన్నాను. మంచం కింద సబ్బులు ఉన్నాయి. మూడు నెలలుగా అవే వాడుతున్నాను, ఇంకా రెండేళ్ళు వాడతాను.

నీ మొదటి కవరు చూసినప్పుడే ఈ సంగతి చెప్పి ఉండాల్సింది. సిగ్గేసింది. అందరినీ ఏడిపించేవాడు తనే బోనులో పడ్డాడంటే నువ్వు నవ్వుతావనుకున్నాను. అందుకని నేనే ముందు నవ్వాను. అన్నీ వింతగా రాస్తే నువ్వే పట్టేస్తావు, అప్పుడు ఇద్దరం నవ్వుకుని వదిలేస్తాం అనుకున్నాను. నువ్వు నీ కళ్ళ సంగతి రాసినప్పుడైనా నేను ఆపాల్సింది. ఆ లైను చదివి, చదవనట్టు తిప్పేశాను. ఆదివారం నేను వస్తాను. సోమవారం నిన్ను కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను. బావని అడగను, ఆయన "ఊ" అంటాడు.

నీ పదిమంది గురించి ఎందుకు తొందరపెడుతున్నానంటే, ఇక్కడ ఏమయిందో నాకు తెలుసు కాబట్టి. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు కూడా నా షాపు దాటి అవతలి వీధికి వెళ్తున్నారు. నేను తాళం తీసిచ్చి కూపన్ పుస్తకం తీస్తానని భయం. టికెట్ కలెక్టర్ దగ్గరికి రెండోసారి వెళ్తే తలుపు సందులోంచే మాట్లాడాడు. "నాకు కొత్త తాళం కావాలి బాబూ. కానీ నీ దగ్గర కాదు" అన్నాడు. నువ్వు కొలతలు అడిగినప్పుడు ఆయన ఇంటి దాకా వెళ్ళాను కూడా. తలుపు కొట్టడానికి చెయ్యి రాలేదు. వెనక్కి వచ్చి టేపు నాకే చుట్టుకున్నాను.

వాచీల తాత ఉన్నాడు, ఊరు మారలేదు. లిఫ్టు బాగానే నడుస్తోంది, నేను ఎక్కితే ఆపరేటర్ నంబర్ల వైపు చూస్తాడు. లైబ్రరీ ఆవిడ, కాంపౌండర్, కొళాయిల అన్నదమ్ములు, మిగతా అందరూ ఉన్నారు. ఏ ఒక్కరినీ నేను పుట్టించలేదు. మార్చి నుంచి మే దాకా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగాను, పంతొమ్మిది మందినీ. వాళ్ళు సరే అన్నారని రాశానే, ఆ లిస్టులో అదొక్కటే నేను కల్పించింది.

తమ్ముడు